ఆఫీసు ఎల్‌టీడీ సరిపోతుందా, సొంత పాలసీ కూడా ఉండాలా: అమెరికాలో ఏది మేలు?

అమెరికాలో ఆఫీసులు మరుసటి ఏడాది బీమాలు ఎంచుకోవడానికి గడువు పెట్టే కాలం వచ్చిందంటే, తెలిసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు రెండే. ఒకటి: "కంపెనీ ఎలాగూ ఎల్‌టీడీ (లాంగ్ టర్మ్ డిజెబిలిటీ, అంటే జబ్బుతో చాలాకాలం పని చేయలేకపోతే జీతంలో కొంత భాగం ఇచ్చే బీమా) ఇస్తోంది కదా, డబ్బు పోసి విడిగా ఇంకో డిజెబిలిటీ పాలసీ ఎందుకు?" రెండోది: "కంపెనీ బీమా డబ్బు వస్తుంటే ప్రభుత్వం సోషల్ సెక్యూరిటీ డిజెబిలిటీ ఇవ్వదట, నిజమేనా?" ఈ ఏడాది నా ఇంటికి కూడా ఈ లెక్క వేసుకోవాల్సి వచ్చింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు రెండో ప్రశ్న సంగతి. అది నిజం కాదు. జీతంలోంచి కోసిన పన్నుతో సంపాదించుకున్న హక్కు ఈ సోషల్ సెక్యూరిటీ డిజెబిలిటీ, పొట్టిగా ఎస్‌ఎస్‌డీఐ. మీకు ప్రైవేటు బీమా ఎంత వస్తోందో, బ్యాంకులో ఎంత ఉందో చూసి ఇచ్చేది కాదు. జబ్బు సెలవు జీతం గానీ, కంపెనీ ఎల్‌టీడీ గానీ దాన్ని ఒక్క డాలరు కూడా తగ్గించవు. కోత పడేది రెండో వైపు. ప్రభుత్వం ఇచ్చే ప్రతి డాలరునూ ఎల్‌టీడీ కంపెనీ తాను ఇవ్వాల్సిన దాంట్లోంచి మినహాయించుకుంటుంది. ఆఫీసు ద్వారా వచ్చే గ్రూపు పాలసీల్లో దాదాపు అన్నిటిలోనూ ఈ నిబంధన ఉంటుంది. ఏది మేలో నాకు తేల్చి చెప్పింది ఇదే.

ఉదాహరణకు, డల్లాస్‌లో నెలకు 10,000 డాలర్ల జీతం ఉన్న ఇంజనీరు, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి, జబ్బుపడి పని చేయలేని స్థితిలో ఉన్నాడనుకుందాం. ఆఫీసు ఎల్‌టీడీ 60 శాతం, అంటే 6,000. కొంత కాలానికి ఎస్‌ఎస్‌డీఐ మంజూరై అతనికి 3,000, పిల్లల పేరిట 1,500 వచ్చాయనుకుందాం. ఇప్పుడు నెలకు 10,500 వస్తుందని ఇల్లు సంబరపడుతుంది. రాదు. ఎల్‌టీడీ కంపెనీ 4,500 మినహాయించి 1,500 పంపుతుంది. మొత్తం మళ్లీ 6,000 దగ్గరే ఆగుతుంది. పిల్లల పేరిట వచ్చే డబ్బును కూడా లెక్కలోకి తీసుకునే పాలసీలే ఎక్కువ. ఇంటికి అదనంగా చేరింది ఏమీ లేదు గానీ, బీమా కంపెనీ భారం మాత్రం నాలుగింట మూడు వంతులు దిగిపోయింది.

అదే మనిషికి ఆఫీసు ఎల్‌టీడీకి బదులు సొంతంగా కొన్న, నెలకు 4,000 డాలర్లిచ్చే పాలసీ ఉంటే? 4,000కు ప్రభుత్వం ఇచ్చే 4,500 కలిసి 8,500. పాలసీ కాగితం మీద 6,000 పెద్దది, 4,000 చిన్నది. చేతికొచ్చేటప్పుడు లెక్క తారుమారవుతుంది. అయితే సొంత పాలసీ అమ్మేవాళ్లు ప్రీమియం తగ్గిస్తామంటూ సోషల్ ఇన్సూరెన్స్ రైడర్ అనే అదనపు షరతు అంటగడితే, అందులోనూ ఇదే కోత దూరుతుంది. సంతకం పెట్టేముందు ఆ మాట ఉందేమో చూడండి.

దీనికి పన్ను కూడా తోడవుతుంది. ప్రీమియం కంపెనీ కట్టినా, పన్ను పడకముందు జీతంలోంచి మీరు కట్టినా, క్లెయిమ్ డబ్బు మీద ఆదాయపు పన్ను పడుతుంది. పన్ను పోయాక మిగిలిన జీతంలోంచి మీరే కడితే క్లెయిమ్ డబ్బుకు పన్ను ఉండదు. సొంత పాలసీ మామూలుగా రెండో కోవకే చెందుతుంది. కొన్ని ఆఫీసుల్లో ఎల్‌టీడీకి కూడా ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి ఎంచుకునే వీలుంటుంది. అలాంటి గడి కనబడితే రెండో ఆలోచన లేకుండా పన్ను పోయాక కట్టే పద్ధతే ఎంచుకోండి. నెలకు కొద్ది డాలర్ల తేడా, అంతే.

కోత ఒక ఎత్తు, అది వచ్చి పడే తీరు ఇంకో ఎత్తు. మా కుటుంబానికి బాగా కావలసిన ఒకాయన వెన్నెముక జబ్బుతో పని మానేశారు. ఎస్‌ఎస్‌డీఐ మొదట తిరస్కరించారు, అప్పీలు మీద ఏడాదిన్నరకు మంజూరైంది. పాత నెలల బాకీ అంతా ఒకేసారి ఖాతాలో పడింది. ఆయన క్రెడిట్ కార్డుల అప్పులు తీర్చి, ఊళ్లో అమ్మగారి వైద్యానికి కొంత పంపారు. మూడు వారాలకు ఎల్‌టీడీ కంపెనీ నుంచి ఉత్తరం: ఈ నెలలకు మీకు ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టండి. ఆయన మోసపోలేదు. క్లెయిమ్ మొదట్లోనే, ప్రభుత్వ డబ్బు వస్తే తిరిగి కడతానన్న ఒప్పందం మీద సంతకం పెట్టారు. మంచం మీదున్న మనిషి ఆ కాగితం చదివి ఎలా గుర్తుపెట్టుకుంటాడు? తర్వాత ఆ సొమ్ము కింద మినహాయించుకోవడంతో చాలా నెలలు ఎల్‌టీడీ చెక్కు రాలేదు. ఆ ఇంటి ఇబ్బంది కళ్లారా చూశాను గనక చెబుతున్నాను: ఎస్‌ఎస్‌డీఐ బాకీ డబ్బు వచ్చినరోజు దాన్ని మీది అనుకోకండి. విడిగా ఓ ఖాతాలో పెట్టి, ఎల్‌టీడీ కంపెనీ లెక్క చేతికొచ్చేదాకా ముట్టుకోకండి. లాయరుకు ఇచ్చిన ఫీజును ఆ లెక్కలోంచి తగ్గించమని అడగండి, సాధారణంగా తగ్గిస్తారు. ఆ ఫీజు పాత బాకీలో 25 శాతం, 2024 నవంబరు చివరి నుంచి 9,200 డాలర్లకు మించకుండా.

ఇంత విన్నాక కొందరు "లాభమంతా బీమా కంపెనీదే అయినప్పుడు నేను ఎస్‌ఎస్‌డీఐకి ఎందుకు తిరగాలి?" అంటారు. ఆ కోపం అర్థమవుతుంది, కానీ నష్టపోయేది మీరే. మీరు దరఖాస్తు పెట్టకపోతే, వచ్చి ఉండేదని అంచనా వేసి మరీ మినహాయించే హక్కు చాలా పాలసీల్లో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీఐ వచ్చిన 24 నెలలకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా దొరుకుతుంది. ఉద్యోగంతో పాటు ఆరోగ్య బీమా పోయిన ఇంటికి అది ఎంత ఆసరానో చెప్పనక్కర్లేదు. సంపాదన లేని ఆ ఏళ్లు రేపటి రిటైర్మెంటు పెన్షను లెక్కను కుంగదీయకుండా పక్కన పెడతారు. ఏటా ధరలను బట్టి పెరిగే ఎస్‌ఎస్‌డీఐ పెంపు మీద ఎక్కువ పాలసీలు మళ్లీ కోత వేయవు, అది పూర్తిగా మీదే. అన్నిటికన్నా ముఖ్యం గడువు: 31 దాటినవాళ్లు గత పదేళ్లలో సుమారు ఐదేళ్లు పని చేసి ఉండాలి కాబట్టి, ఎల్‌టీడీ వస్తోంది కదా అని ఐదారేళ్లు ఊరుకుంటే ఆ అర్హతే కరిగిపోతుంది. మొదటి ఐదు నెలలకు ఎలాగూ డబ్బు రాదు. జబ్బు ఏడాదికి పైగా ఉంటుందని డాక్టరు చెప్పగానే దరఖాస్తు పెట్టడం మంచిది.

రెండు దరఖాస్తుల్లో రాసే మాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకోకుండా చూసుకోవాలి. గ్రూపు పాలసీ సాధారణంగా మొదటి రెండేళ్లు "మీ వృత్తి చేయలేకపోవడం" చూస్తుంది, తర్వాత "ఏ పనీ చేయలేకపోవడం" అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీఐ మొదటి రోజు నుంచే రెండోది అడుగుతుంది. "కోడింగ్ చేయలేను గానీ తేలిక పని చేయగలను" అన్న వాక్యం ఎల్‌టీడీకి సరిపోతుంది, ఎస్‌ఎస్‌డీఐ ఫైలులో మీకే అడ్డం వస్తుంది.

ఇక ఆఫీసు ఎల్‌టీడీ వైపు న్యాయం కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరగానే తీసుకుంటే వైద్య పరీక్ష అడగరు. షుగరు, రక్తపోటు ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. సొంత పాలసీలో అవే కారణాలతో ప్రీమియం పెంచుతారు, లేదా ఆ జబ్బును మినహాయిస్తారు. ఖర్చులో పోలికే లేదు: సొంత పాలసీకి సాధారణంగా జీతంలో 1 నుంచి 3 శాతం అవుతుంది. అమెరికాకు వచ్చి రెండు మూడేళ్లే అయిన ముప్పై దాటినవాళ్లకు ఎస్‌ఎస్‌డీఐ అర్హతే ఉండదు గనక ఈ కోత బాధా లేదు, 60 శాతం నిలువునా వస్తుంది. అలాంటివారికి ఆఫీసుదే ప్రస్తుతానికి చాలనిపిస్తుంది. ఒక్క సంగతి చూసుకోండి: ఎన్నో పాలసీలు మూల జీతం మీదే లెక్కిస్తాయి, బోనసు, కంపెనీ షేర్లు అందులో ఉండవు.

కానీ ఆఫీసు పాలసీ ఉద్యోగానికి కట్టి ఉంటుంది. లేఆఫ్ అయిన మర్నాడు జబ్బుపడితే అది లేనట్టే. క్లెయిమ్ తిరస్కరిస్తే 180 రోజుల్లో అప్పీలు చేయాలి. ఆ తర్వాత కోర్టుకెళ్లినా ఎక్కువగా ఆ ఫైలులో ఉన్న కాగితాలే చూస్తారు. ఆఫీసు బీమాలకు వర్తించే 1974 నాటి ఎరిసా చట్టం కింద పరిహారం కూడా పరిమితం. సొంత పాలసీకి రాష్ట్ర చట్టాలు వర్తిస్తాయి, కొంత గట్టిగా పోరాడవచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు సొంత పాలసీ ఇవ్వని కంపెనీలున్నాయి. ఇండియాకు వెళ్లిపోతే ఆరు నెలల తర్వాత డబ్బు ఆపేసే పాలసీలూ ఉన్నాయి. జబ్బుపడితే అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లు ఆ నిబంధన తప్పక చదవాలి.

మిగతావి రెండు ముక్కల్లో. షార్ట్ టర్మ్ పాలసీ కొన్ని నెలలకే, ఆఫీసు ఉచితంగా ఇస్తే ఉంచుకోండి. కాలిఫోర్నియా ఎస్‌డీఐ వంటి రాష్ట్ర పథకాలు, వర్కర్స్ కంపెన్సేషన్ (పనిలో గాయపడితే వచ్చే పరిహారం) మాత్రం ఎస్‌ఎస్‌డీఐని తగ్గించగలవు: ఆ డబ్బూ ఎస్‌ఎస్‌డీఐ కలిపి మునుపటి సగటు సంపాదనలో 80 శాతం దాటకూడదు. పేదలకిచ్చే ఎస్‌ఎస్‌ఐ పూర్తిగా వేరు. అక్కడ ఎల్‌టీడీ డబ్బులో నెలకు 20 డాలర్లు వదిలి మిగతాదంతా కోస్తారు.

నేను చేసింది ఇది: ఆఫీసు ఎల్‌టీడీ ఉంచుకుని, ప్రీమియం పన్ను పోయాక కట్టే గడి ఎంచుకున్నాను. దానితో పాటు నెలకు 2,000 డాలర్లిచ్చే చిన్న సొంత పాలసీ, రైడర్ లేకుండా, తీసుకున్నాను. అంతకన్నా పెద్దది అడిగితే, ఆఫీసు పాలసీని లెక్కలోకి తీసుకుని ఇవ్వలేమన్నారు. ఆ 2,000 మా ఇంటి అద్దెకు సరిగ్గా సరిపోతుంది.