ఫైబర్ సెప్టిక్ ట్యాంకు: కాలువల కింద ఊళ్లో కొన్నేళ్లు వాడాక

ట్యాంకు మంచిదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద రాసేదంతా తిట్లలాగే ఉంటుంది. నా కోపం ట్యాంకు మీద కాదు, అమ్మేముందు "సైటు చూస్తాం" అని వచ్చిన మనిషి మీద.

మాది తెనాలి వైపు, చుట్టూ వరిపొలాలు, నల్లరేగడి. ఆయన వచ్చింది మే నెలలో. కాలువలు కట్టేసి ఉన్నాయి, పెరట్లో నేల చెయ్యి దూరేంతగా నెర్రెలిచ్చి ఉంది. చిన్న గొయ్యి తీయించి బిందెడు నీళ్లు పోశాడు. చూస్తుండగానే మాయం. "నేల సూపర్‌గా పీలుస్తోందండి, ట్యాంకులోంచి వచ్చే నీళ్లకి ఇంకుడు గుంత చాలు" అని కాగితం మీద టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు. అది ఇంకడం కాదు, నెర్రెల్లోకి జారిపోవడం. నల్లరేగడి తడిస్తే ఉబ్బి నెర్రెలు మూసుకుపోతాయి, ఆ తర్వాత నీళ్లు దిగమన్నా దిగవు. అందుకే సెప్టిక్ ట్యాంకులకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 2470లో గొయ్యి నింపి ముందు రాత్రంతా నాననివ్వమంటారు. మర్నాడు మళ్లీ నీళ్లు పోసి, రెండున్నర సెంటీమీటర్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. అరగంట దాటితే ఇంకుడు గుంత ఆలోచన మానుకోవాలి. ఊటనీరు 1.8 మీటర్ల లోపే ఉన్నా అంతే.

మొదటి ఏడాది వానలు తక్కువ, ఇంట్లో అమ్మా నాన్నే. వాసన లేదు, తేలిగ్గా ఉంది, పూట తిరక్కుండా దింపేశారు అని అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఆ తేలికే మా కొంప ముంచింది.

మరుసటి ఏడాది ఆగస్టులో నాట్లయ్యి పొలాలన్నీ నిండుగా ఉన్నాయి. బాత్రూమ్‌లో గుడగుడలు మొదలై, ఫ్లష్ చేస్తే నీళ్లు పైకి రావడం మొదలైంది. ట్యాంకు నిండిందనుకుని నాన్న బండిని పిలిపించి అడుగంటా తోడించేశారు. తెల్లారి చూస్తే మూత నేలకి జానెడు పైకి లేచి ఉంది! చుట్టూ ఊటనీరు, లోపల ఖాళీ ఫైబర్ డొల్ల: పడవలా తేలింది. లోపలికొచ్చే పైపు మోచేయి దగ్గర పుటుక్కున విరిగి, ఉన్న మురుగంతా పెరట్లోకే. కంపెనీకి ఫోన్ చేస్తే "తేలడానికి వారంటీ వర్తించదు సార్" అన్నారు. వర్షాకాలంలో మొత్తం తోడకూడదని ఒక్క ముక్క ముందు చెప్పుంటే సరిపోయేది కదా.

మా మేస్త్రీ అప్పుడే పక్కన గొయ్యి తీశాడు. మోకాలి లోతు దాటగానే ఊట పడింది. "ఇది చూడ్డానికి ఇంజనీరు కావాలాండీ?" అన్నాడు. ఎండాకాలం వచ్చాక కింద కాంక్రీటు బెడ్డు వేసి, ట్యాంకుని పట్టీలతో బిగించి, నీళ్లు నింపుతూ మట్టి పూడ్చాడు. ఇంకుడు గుంత తీసేసి, చేతిపంపుకి 18 మీటర్ల అవతల ఎత్తుగా మట్టిదిబ్బ పోసి, అందులో కంకర పరిచి చిల్లుల పైపులు వేశాడు. ట్యాంకు నీళ్లు చిన్న మోటారుతో అక్కడికి ఎక్కుతాయి. దిబ్బ మీద గడ్డి తప్ప ఏమీ వెయ్యొద్దన్నాడు, బెండ మొక్కలు పెట్టుకోనివ్వలేదని అమ్మకి ఇంకా కోపమే.

అప్పట్నుంచీ గుడగుడలు లేవు. అయితే గాలివానకి కరెంటు పోతే మోటారు ఆగుతుంది, ఆ టెన్షన్ ఉంది. సంక్రాంతికి ఇంటినిండా జనం ఉన్నా ఇబ్బంది రాలేదు, కానీ అప్పటికి కోతలైపోయి పొలాలు ఆరి ఉంటాయి, దాన్ని నేను లెక్కలో వెయ్యను.

మాకు పెరడు పెద్దది కాబట్టి దిబ్బకి చోటు దొరికింది. నాలుగు సెంట్లలో ఇల్లు కట్టుకునేవాళ్లకి ఇది కుదరదు. నూజివీడు వైపు ఎర్రనేలలో మా పిన్నివాళ్లది ఇదే ట్యాంకు, మామూలు ఇంకుడు గుంతే, ఇంతవరకు ఏ గొడవా లేదు. నా గోల వింటే వాళ్లకి నవ్వొస్తుంది.