సీ ప్రోగ్రాంలో పైథాన్: ఆరేళ్ల కాపురం, ఇంపోర్ట్‌తో తగువులు

మెషిన్ల నుంచి వచ్చే రీడింగులు చదివి లెక్క కట్టే సీ ప్రోగ్రాం మాది. లెక్కల రూల్స్ కస్టమర్‌కో రకం. ప్రతి మార్పుకీ కంపైల్ చేసి పంపలేక, వాటిని పైథాన్‌లో రాసుకునేలా, పైథాన్ కోడ్‌ని నడిపే ఇంటర్‌ప్రిటర్‌ని లోపలే కూర్చోబెట్టాను. ఆరేళ్లయింది. ఇంపోర్ట్ అంటే మాడ్యూళ్లని, అంటే వేరేచోట రాసిపెట్టిన కోడ్‌ని, వెతికి తెచ్చుకోవడం. మాడ్యూళ్లు దొరికాక ఎప్పుడూ పేచీ పెట్టలేదు. ఏడిపించిందల్లా అవి దొరకడమే.

మొదటి దెబ్బ కస్టమర్ మెషిన్ మీద. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది అక్కడ ఇంటర్‌ప్రిటర్‌ని లేపే పై_ఇనిషియలైజ్ దగ్గరే చచ్చింది. 'ఎన్‌కోడింగ్స్ అనే మాడ్యూల్ లేదు' అని ఎర్రర్. యూనికోడ్ గొడవేమో అనుకుని ఒక పూటంతా లొకేల్ సెట్టింగులు తిరగేశాను. సంగతి అది కాదు. ఇంటర్‌ప్రిటర్ లేస్తూనే స్టాండర్డ్ లైబ్రరీ నుంచి తెచ్చుకునే వాటిలో ఎన్‌కోడింగ్స్ ఒకటి. అది లేదంటోందంటే లైబ్రరీ ఫోల్డరే కనపడలేదన్నమాట. లైబ్రరీలోని ఓఎస్.పై ఫైల్ లాంటి గుర్తుల్ని పట్టుకుని పైథాన్ తన ఇల్లెక్కడో ఊహించుకుంటుంది. ఇక్కడ నడిచేది పైథాన్ సొంత ప్రోగ్రాం కాదు, మాది కాబట్టి ఆ ఊహ తప్పింది.

అప్పట్లో, మాడ్యూళ్లు ఎక్కడ వెతకాలో చెప్పే పై_సెట్‌పాత్‌తో నెట్టుకొచ్చాను. పైథాన్ 3.11లో దాన్ని వాడొద్దన్నారు, 3.13లో తీసేశారు. 3.8లో వచ్చిన పైకాన్ఫిగ్‌కి (ఇంటర్‌ప్రిటర్ సెట్టింగులు ఒకేచోట ఇచ్చే పద్ధతి) మారాక ప్రాణం కుదుటపడింది. బయటి సెట్టింగులు పట్టించుకోని ఐసొలేటెడ్ కాన్ఫిగ్‌తో మొదలుపెట్టి, మాడ్యూల్_సెర్చ్_పాత్స్‌లో మన ఫోల్డర్లు రాయాలి. అదే పేరు చివర _సెట్ అని ఉన్న ఫీల్డ్‌కి 1 ఇవ్వాలి. ఆ 1 మర్చిపోయి, నేనిచ్చిన లిస్టు ఎటు పోయిందా అని వెతుక్కున్నాను. లిస్టు మొత్తం పక్కన పడేసి సొంతంగా లెక్కేసుకుంటుంది మరి! ఐసొలేటెడ్‌లో ఇంకో సుఖం, కస్టమర్ మెషిన్‌లో వేరే సాఫ్ట్‌వేర్ పెట్టిన పైథాన్‌పాత్ (మాడ్యూళ్లు వెతికే ఫోల్డర్ల సెట్టింగు) మన జోలికి రాదు.

రెండోసారి తప్పు పూర్తిగా నాదే. మాడ్యూల్‌ని తెచ్చే పైఇంపోర్ట్_ఇంపోర్ట్‌మాడ్యూల్ నల్ (పని జరగలేదనే గుర్తు) ఇస్తే 'రూల్స్ ఫైల్ దొరకలేదు' అని నేనే మెసేజ్ రాసిపెట్టాను. ఒకాయన ఫోన్ చేసి, "ఫైల్ నా కళ్లముందే ఉంది కదండీ" అన్నారు. నిజంగానే ఉంది. దాని మూడో లైనులో ఇంపోర్ట్ చేసిన ప్యాకేజీ లేదు. ఇప్పుడు నల్ వస్తే ముందు అసలు ఎర్రర్ చూపించే పైఎర్_ప్రింట్, ఆ తర్వాతే నా మాటలు.

లినక్స్‌లో పైథాన్‌ని స్టాటిక్‌గా, అంటే మా ప్రోగ్రాం ఫైల్‌లోనే కలిపేసి, లింక్ చేసినప్పుడు సీ ఎక్స్‌టెన్షన్లు (సీలో రాసిన పైథాన్ మాడ్యూళ్లు) 'అన్‌డిఫైన్డ్ సింబల్' అని మొరాయించాయి. ప్రోగ్రాంలోని సింబల్స్ వాటికి కనపడేలా లింక్ లైనులో ఆర్‌డైనమిక్ చేర్చాక ఊరుకున్నాయి.

బాగా నచ్చింది ఇనిట్‌ట్యాబ్. మన సీ ఫంక్షన్లను మాడ్యూల్‌గా ముందే నమోదు చేస్తే ఏ ఫోల్డరూ వెతకకుండా ఇంపోర్ట్ అవుతాయి. ఇనిషియలైజ్‌కి ముందే చేయాలి, అంతే.

తెగనిది ఒకటుంది. ఇంటర్‌ప్రిటర్‌ని ఆపి అదే ప్రాసెస్‌లో మళ్లీ లేపితే కొన్ని ఎక్స్‌టెన్షన్లు సరిగ్గా పనిచేయవు. రూల్స్ మారితే ప్రోగ్రాంనే రీస్టార్ట్ చేయమంటున్నాను. కస్టమర్లు సణుగుతూనే చేస్తున్నారు.