మోజార్ట్ ‘మ్యారేజ్ ఆఫ్ ఫిగరో’ డీవీడీ కొనేవాళ్లకు హెచ్చరిక

ఈ ఒపెరా (పాటలతో నడిచే సంగీత నాటకం) డీవీడీని ఆన్‌లైన్‌లో కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు రన్నింగ్ టైమ్ చూడండి. ‘పూర్తి ఒపెరా, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో’ అని రాసిన ఒక సెల్లర్ దగ్గర కొన్నాను. వచ్చింది గంట పైచిలుకు నడిచే ఒక్క డిస్కు. సబ్‌టైటిల్స్ అసలే లేవు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ‘హైలైట్స్’ అని ఉంది. సెల్లర్ పెట్టిన ఫొటోల్లో ఆ వెనకవైపే లేదు.

1786లో వియన్నాలో మొదటిసారి ఆడిన ఈ ఒపెరాలో నాలుగు అంకాలు. మొత్తం ఆడితే దాదాపు మూడు గంటలు. హైలైట్స్‌లో పేరున్న పాటలు ఏరి పెట్టి, మధ్యలో మాటల్లా సాగే రెసిటేటివ్‌లు తీసేస్తారు. కథ చాలావరకు నడిచేది వాటిలోనే.

రెండో అంకం చివరి ఘట్టమే తీసుకోండి. భార్య గదిలో కుర్రాడు దాక్కున్నాడని కౌంట్ (ఆ ఇంటి దొర) మండిపడుతుంటే, తలుపు తీసుకుని వచ్చేది పనమ్మాయి సుజానా! ఆ తర్వాత సుజానాను పెళ్లాడబోయే ఫిగరో వస్తాడు, తోటమాలి వచ్చి గొడవ పెంచి పోతాడు, ఇంకో ముగ్గురు దిగుతారు. చివరికి ఏడుగురు కలిసి పాడతారు. ఇరవై నిమిషాల పాటు సంగీతం ఆగదు. ఇంత గొప్ప ఘట్టాన్ని నా డిస్కులో తోటమాలి రాకముందే కోసేశారు. నిజంగా కడుపు మండింది.

సబ్‌టైటిల్స్ సంగతీ అంతే. ఫిగరోను పెళ్లాడతానని పట్టుబట్టిన మార్సెల్లీనా అతని కన్నతల్లేనని మూడో అంకంలో తేలుతుంది. ఇటాలియన్ రానివాళ్లకు ఆ నవ్వు ఎలా అందుతుంది?

నాలుగో అంకంలో మార్సెల్లీనా, సంగీతం మాస్టారు బాసీలియో పాడే పాటలు లేకపోతే మాత్రం మోసం అనుకోకండి. పెద్ద థియేటర్లలోనూ వాటిని తరచూ వదిలేస్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లతో తెప్పించుకుంటే రీజియన్ కోడ్ (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే నంబరు) కూడా చూడండి. అక్కడి డీవీడీలు మామూలుగా 1, ఇండియాది 5. 0 అని ఉంటే ఎక్కడైనా ఆడుతుంది.

ప్యాక్ విప్పాం కాబట్టి రిటర్న్ లేదని సెల్లర్ మొండికేశాడు. ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్, అట్ట ఫొటో సైట్‌వాళ్లకు పంపాకే డబ్బు తిరిగొచ్చింది. మీరూ ఆర్డర్ పెట్టిన రోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి. సైట్‌వాళ్లూ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.