ట్రూ డిటెక్టివ్: మొదటి సీజనా, మూడోదా?

ట్రూ డిటెక్టివ్ అమెరికన్ క్రైమ్ సిరీస్. ఈ రెండు సీజన్లూ ఎనిమిదేసి ఎపిసోడ్లే. కథలు వేరు, ఏది ముందు చూసినా ఫర్వాలేదు.

శ్రమ: మొదటిది (2014) లూసియానాలో నడుస్తుంది, తేలిగ్గానే అందుతుంది. మూడోది (2019) ఆర్కన్సాలో 1980, 1990, 2015ల మధ్య గెంతుతుంది. హీరో జుట్టు చూసి ఏ ఏడో పోల్చుకోవాలి. మధ్యలో ఫోను తీశారా, అంతే సంగతులు.

ఉత్కంఠ: మొదటిదే. నాలుగో ఎపిసోడ్‌లో ఎక్కడా కట్ లేని ఆరు నిమిషాల సింగిల్ షాట్ చాలు.

మనసు: మూడోది. మతిమరుపు ముదిరిన డిటెక్టివ్ వేన్ హేస్ తన కోసం తానే రికార్డు చేసుకున్న మాటలు వింటాడు. మూడు వయసుల్లోనూ నటించింది మహెర్షలా అలీయే, నడకే మారిపోతుంది. నేరస్తుడెవరన్నది నాకు పట్టలేదు.

అర్ధరాత్రి గుండెదడ కావాలంటే మొదటిది. ఇంట్లో పేర్లు మర్చిపోతున్న తాతయ్య ఉంటే మూడోది, అదీ ఒక్కరే కూర్చుని.