కోనసీమలో ఒక రాత్రయినా ఉండాలి

కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది రాజమండ్రిలో రూము తీసుకుంటారు. పొద్దున్న టిఫిన్ చేసి కారెక్కి, నాలుగు గుళ్లు తిరిగి, ఎక్కడో భోంచేసి, చీకటి పడేసరికి వెనక్కి వచ్చేస్తారు. డిసెంబరులో మేము రాజమండ్రిలోనూ ఉన్నాం, అమలాపురం వైపు పల్లెల్లోనూ ఉన్నాం. రెండూ చూశాక చెబుతున్నాను, ఇక్కడి రుచులూ అందాలూ చాలావరకు పొద్దున్నే ఎనిమిదిలోపు అయిపోతాయి. ఆ వేళకు మీరు గోదావరి పాయల మధ్య ఉండే లంకల్లో ఉండాలి.

రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం చిన్నది, అదే దాని సుఖం. విమానం దిగిన కాసేపటికే సామాను చేతికొచ్చేస్తుంది. దిగేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే గోదావరి, ఇసుక మేటలు కనిపిస్తాయి. ఇబ్బంది బయటికొచ్చాకే. ఊళ్లోకి ఇరవై కిలోమీటర్ల లోపే అయినా బస్సు కోసం చూస్తే పని జరగదు. టాక్సీ ముందే మాట్లాడుకోవడం మంచిది.

రాజమండ్రికి ఒక సాయంత్రం చాలు. పుష్కరఘాట్‌లో హారతి చూసి, మెయిన్‌రోడ్డులో రోజ్‌మిల్క్ తాగాం. పేరు విని వెళ్లే చాలా వస్తువులు నిరాశపరుస్తాయి కానీ, ఇది నిరాశపరచలేదు. చిక్కగా, చల్లగా ఉంది, తీపి కూడా హద్దులోనే ఉంది. చీరలకు తాడితోట హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్లాలి. బేరం ఆడే ఓపిక ఉన్నవాళ్లకు మంచి చోటు. నాకు ఆ ఓపిక లేదు, మా అక్కకు ఉంది.

మర్నాడు ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట చోటే ఇప్పుడు బ్యారేజీ ఉంది. మ్యూజియంలో ఆనకట్ట నమూనాలూ పాత ఫొటోలూ ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు దీన్ని వదలొద్దు. గౌతమిగా, వశిష్టగా నది ఎలా చీలుతుందో, కాలవలు ఎటు పోతాయో ఇక్కడ అర్థమైతే, తర్వాత దారి పొడుగునా కనిపించే ప్రతి లాకూ, ప్రతి వరిచేనూ వేరుగా కనిపిస్తుంది. కాకపోతే చరిత్ర వివరించి చెప్పే మనిషి ఒకరుండాలి. గోదావరి జిల్లాల ఇళ్లలో దేవుడి పటాల పక్కన ఆయన ఫొటో పెట్టుకుంటారు కదా, ఆ అభిమానానికి తగ్గ శ్రద్ధ మ్యూజియం మీద కూడా పెట్టాలని నా కోరిక.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లే దారి మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చింది. పక్కనే కాలవ, అవతల దాళ్వా (రెండో పంట వరి) నారుమళ్లు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దుకాణాలు వరసగా ఉన్నాయి. రోడ్డు మీద పెద్ద బోర్డు చూసి ఆగకండి. రేకు తీసే ఇల్లు ఎక్కడని అడిగి లోపలికి వెళ్లండి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే రేకు లేచి వస్తుంది. ఆ వేడిలో, పొగలో గంటలకొద్దీ కూర్చునే ఆడవాళ్లను చూశాక పెట్టె ధర గురించి మాట్లాడబుద్ధి కాలేదు. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవి పంచదారవాటికన్నా ఎంతో బాగున్నాయి. చాక్లెట్ పూతరేకులు కూడా అమ్ముతున్నారు, అవి నాకు అక్కర్లేదు.

ఇక బస సంగతి. వశిష్ట ఒడ్డున ఒక రిసార్టులో ఒక రాత్రి ఉన్నాం. వరండాలోంచి నది, ఎదుటి గట్టు మీద కొబ్బరితోటలు, అంతకన్నా ఏం కావాలి అనిపించే చోటు. కానీ వేడినీళ్లు రాలేదు. రాత్రి భోజనానికి ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా తప్ప ఏమీ లేవన్నారు. చుట్టూ చేపలు, రొయ్యలు, పనసకాయలు ఉన్న నేల మీద గోబీ మంచూరియా! అద్దె మాత్రం సిటీ హోటల్ లెక్కే. తర్వాత అమలాపురం దగ్గర తోటలో ఒక పెంకుటిల్లు తీసుకున్నాం. ఏసీ లేదు, డిసెంబరులో దాని అవసరమూ లేదు. ఇంటావిడ పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ పెట్టారు. “మొహమాటపడకండి, ఇంకాస్త వేసుకోండి బాబూ” అంటూ నెయ్యి గిన్నె దగ్గరే కూర్చున్నారు. పెద్దవాళ్లు మీతో ఉంటే బాత్రూము ఇంట్లోనే ఉందా, మెట్లు ఎన్ని అని ముందే అడగండి. మిగతా విషయాల్లో నా ఓటు ఇలాంటి ఇళ్లకే.

పొద్దున్నే అంబాజీపేట వెళ్లాం. పనసాకులు పుల్లలతో కుట్టిన చిన్న బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కల కోసం. “ఇంకో వాయి దిగుతుందండి, ఉండండి” అంటే నిలబడ్డాం. ఆకు విప్పగానే వచ్చే వాసన స్టీలు ప్లేటు ఇడ్లీకి ఎప్పటికీ రాదు. పక్కన కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి. ఎండెక్కాక వచ్చినవాళ్లకు ఖాళీ పాత్రలే మిగిలాయి. తిన్నాక కొబ్బరికాయల లారీలు నిండుతుంటే చూస్తూ కాసేపు తిరిగాం.

అంతర్వేది చూసుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పెద్ద పడవ, ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న నరసాపురం చేరాం. బైకులు, కార్లు, కొబ్బరి బస్తాలు, బడిపిల్లలు అందరూ ఒకే పంటు మీద. చించినాడ వంతెన మీదుగా పోతే చుట్టూ తిరగాలి, పైగా ఈ పది నిమిషాల గాలి ఉండదు. నరసాపురంలో లేసు అల్లిన టేబుల్ క్లాత్ ఒకటి కొన్నాం. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు క్రోషే సూదితో అల్లేవి అవి. మిషన్ లేసు కూడా కలిపి అమ్ముతారు కాబట్టి తిప్పి, వెనకవైపు ముడులు చూసి తీసుకోండి.

ద్రాక్షారామం గురించి ఒక్క మాట. రెండంతస్తుల ఎత్తున ఉండే భీమేశ్వరుణ్ణి కింద ఒకసారి, పైకెక్కి ఒకసారి చూడాలి. తొందరపడకుండా వెళ్లాలి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాంలో గౌతమి గట్టుని ఎంత శుభ్రంగా ఉంచారో చూస్తే, మన రేవులన్నీ ఇలా ఉంటే ఎంత బాగుణ్ణు అనిపించింది. కోరింగలో మడఅడవి మధ్య చెక్కల దారి చాలా బాగుంది. పడవ మాత్రం సముద్రపు పోటు మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి ఫోన్ చేసి నీళ్లు ఎప్పుడొస్తాయో కనుక్కుని బయల్దేరండి.

దారిలో ఒక హోటల్లో పులస పులుసు ఉందన్నారు. ఎర్రనీరు వచ్చే వరదల నెలల్లో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. డిసెంబరులో తాజా పులస ఎక్కణ్ణుంచి వస్తుంది? వేల రూపాయలు పెట్టే ముందు ఇది అడగాలి. మేము అడిగాం, సమాధానం సరిగా రాలేదు, బొమ్మిడాయిల పులుసు చెప్పుకున్నాం. అది అద్భుతంగా ఉంది, ధర కూడా మామూలే. ఏ నెలలో వెళ్తే ఆ నెల చేప తినండి.

కాకినాడలో సుబ్బయ్యగారి హోటల్లో మధ్యాహ్నం భోజనం చేశాం. అరిటాకు నిండా కూరలు, పచ్చళ్లు, పొడులు, చివర గడ్డపెరుగు. రైలెక్కేవాళ్లకు బుట్టభోజనం కట్టిస్తారు. వడ్డించేవాళ్ల ఆప్యాయత నటన అనిపించలేదు. రద్దీ ఎక్కువ, పన్నెండు దాటకుండా వెళ్తే నయం. కాజాల విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలు. కొరకగానే పాకం నోట్లోకి జారే కాకినాడ గొట్టం కాజా వైపు మా అక్క, పొరలు పొరలుగా విడిపోయే తాపేశ్వరం మడత కాజా వైపు నేను. ప్రయాణంలో పెట్టె తడవకుండా ఇంటికి చేరాలంటే మడత కాజానే కట్టించుకోండి. గొట్టం కాజా స్టేషన్‌కి వెళ్లేలోపే తినేయండి.