చెట్టురాయి అని ఇనుపరాయి అంటగట్టారు

నెల్లూరు నుంచి ఒంగోలుకు రెండు రోజుల ప్రయాణం. కారు అద్దె రూ.3,200, లాడ్జి గది రూ.1,400. రెండూ న్యాయమే, గది శుభ్రంగా ఉంది. నా కోపమంతా రూ.800 పెట్టి కొన్న ఒక రాయి మీద.

రోడ్డు పక్కన రాళ్లు అమ్మే కొట్టులో నలుపు, తెలుపు చారల రాయి చూపించి, "చెట్టు రాయిగా మారింది సార్, ఈ గీతలు దాని వయసు" అన్నాడు. మా అమ్మాయి దాన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. మా బావమరిది కళాశాలలో భూగర్భశాస్త్రం చెబుతాడు. "బావగారూ, ఆగండి" అనేసరికే డబ్బు ఇచ్చేశాను.

గదిలో అతను సంచిలోంచి చిన్న అయస్కాంతం తీసి ఆనించాడు. టక్కున అతుక్కుంది. ఒంగోలు దగ్గర కొణిజేడు, మర్లపాడు కొండల్లో మాగ్నటైట్ (అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ఖనిజం), క్వార్ట్జ్ (పలుగురాయి) ఇలాగే పొరలు పొరలుగా ఉంటాయట. నేను కొన్నదీ ఆ ఇనుపరాయే. అమ్మాయి రాత్రి అన్నం సరిగా తినలేదు.

నిజమైన శిలాజ కలపలో, అంటే రాయిగా మారిన చెట్టులో, గీతలు మానుతో పాటు వంపు తిరుగుతాయి. భూతద్దం పెడితే కణాల వరుసలు కనిపిస్తాయి. చెట్టు జోరుగా పెరిగిన రోజుల్లో పెద్ద కణాలు, మందగించినప్పుడు చిన్నవి ఏర్పడతాయి. ఆ తేడాయే వలయం. ఏడాది పొడవునా వెచ్చగా, తేమగా ఉన్నచోట పెరిగిన చెట్టులో అది మసకగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. అంటార్కిటికాలో దొరికిన గ్లోసోప్టెరిస్ అనే అంతరించిపోయిన చెట్టు కలపలో మాత్రం వలయాలు స్పష్టం. ఇప్పుడు మంచు తప్ప ఏమీ లేని ఆ నేల మీద ఒకప్పుడు అడవి ఉండేదని, నెలల తరబడి చీకటి రాగానే ఆ చెట్లు పెరుగుదల ఆపేవని ఆ కలపే చెబుతోంది. ఇంత చెప్పగల వస్తువు పేరు పెట్టి పిల్లకు అబద్ధం అమ్మడమే నాకు మింగుడుపడలేదు.

మర్నాడు బావమరిది తన గురువుగారింటికి తీసుకెళ్లాడు. గోంగూర, ముద్దపప్పుతో ఆ ఇంటి భోజనం ఈ ప్రయాణంలో తిన్న వాటన్నిటిలోకీ మిన్న. భోజనాలయ్యాక ఆయన అరచేతిలో పట్టే వేమవరం (ఒంగోలు దగ్గరి ఊరు) షేల్ ముక్క, అంటే బురద గట్టిపడి ఏర్పడ్డ పొరల రాయి, తెచ్చారు. దాని మీద ఈకలాంటి ఆకు అచ్చు, టిలోఫిల్లం అనే అంతరించిన మొక్కది. పది కోట్ల ఏళ్లు దాటిన ఆకు! అవే పొరల్లో సముద్రజీవులైన అమ్మోనైట్లు కూడా దొరికాయని, అంటే ఈ చెట్ల దగ్గరికి సముద్రం వచ్చేదని చెప్పారు. అమ్మాయి గంటసేపు కూర్చుని ఆ ఆకు బొమ్మ గీసుకుంది.

తిరుగు ప్రయాణంలో కొట్టు దగ్గర కారు ఆపించాను. గట్టిగా అడిగితే రూ.300 తిరిగి ఇచ్చాడు. బల్ల మీద అలాంటివే ఇంకా పదిదాకా ఉన్నాయి. ఆ దారిలో వెళ్లేవారు అయస్కాంతం ఆనించి చూడకుండా పర్సు తీయకండి.