కొత్త కారుకి ఆటోమేటిక్ ఏసీ ‘మేమే బిగిస్తాం’ అంటే ఒప్పుకోకండి: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి హెచ్చరిక

కొత్త కారు బుక్ చేసి, మామూలు ఏసీ ఉన్నది తీసుకోవాలా, ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ (మనం పెట్టిన వేడి దగ్గర తనంతట తనే నిలబెట్టే ఏసీ) ఉన్న పై వేరియంట్‌కి వెళ్లాలా అని తేల్చుకోలేకపోతున్న వాళ్లు ఐదు నిమిషాలు ఇది చదవండి. మాకు జరిగింది ఇంకో ఇంటికి జరగకూడదని రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం. ఇంట్లో అమ్మ, నా భార్య, మూడేళ్ల పాప. మార్చిలో కారు బుక్ చేశాం. మాకు నచ్చిన మోడల్‌లో మధ్య వేరియంట్‌కి చేత్తో తిప్పే ఏసీ, పై వేరియంట్‌కి ఆటోమేటిక్. ఆన్‌రోడ్ ధరలో తేడా 1,15,000. అంత పెట్టాలా వద్దా అని మేం లెక్కలు వేసుకుంటుంటే సేల్స్ కుర్రాడు కుర్చీ దగ్గరకి జరుపుకున్నాడు. “ఒక్క ఏసీ కోసం లక్ష ఎందుకు సార్? మధ్యది తీసుకోండి. 28,000 ఇస్తే అదే ఆటోమేటిక్ డెలివరీ లోపు మేమే బిగించేస్తాం” అన్నాడు. “వారంటీ పోదు కదా బాబూ?” అని అమ్మే అడిగింది. “మా షోరూంలోనే వేస్తున్నాం కదమ్మా, ఎందుకు పోతుంది?” అన్నాడు. ఆ మాట మీద ఒప్పుకున్నాం. కాగితం మీద రాయించుకోలేదు.

డెలివరీ రోజు చూస్తే గుండ్రటి నాబ్‌ల చోట నల్లటి టచ్ ప్యానెల్, అందులో నీలం రంగులో 24 అని అంకె. చూడ్డానికి బాగుంది. అటు నుంచి అటే అరసవల్లి వెళ్లి పూజ చేయించుకుని ఇంటికొచ్చాం.

మే నెల ఎండల్లో అసలు సంగతి బయటపడింది. ముందు కూర్చున్న నాకు వేళ్లు చల్లబడిపోతున్నాయి, వెనక పాప చెమటతో తడిసిపోతోంది. ప్యానెల్ మీద మాత్రం అదే 24. అనుమానం వచ్చి గదిలో పెట్టుకునే చిన్న డిజిటల్ థర్మామీటర్ కొని వెనక హెడ్‌రెస్ట్‌కి కట్టాను. అరగంట తిరిగాక కూడా 30 చూపించింది. ప్యానెల్‌లో 22 పెట్టాను, 26 పెట్టాను, ఫ్యాన్ వేగంలో మార్పే లేదు. షోరూంకి వెళ్తే “కొత్త బండి కదా సార్, గ్యాస్ సెట్ అవ్వాలి” అన్నారు. ఏసీ గ్యాస్ ఫ్యాక్టరీలోనే నింపుతారు, అందులో సెట్ అయ్యేది ఏమీ ఉండదు. అది నాకు తర్వాత తెలిసింది.

ఇక్కడ ఒక విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా ఇందులోనే ఉంది. మామూలు ఏసీలో నాబ్ తిప్పితే లోపల ఒక తలుపు లాంటిది కదిలి చల్లగాలిని, ఇంజిన్ వేడితో వచ్చే వేడిగాలిని మనం కోరిన పాళ్లలో కలుపుతుంది. ఎంత కలపాలో, ఫ్యాన్ ఎంత తిరగాలో చూసుకోవాల్సింది మనమే. నిజమైన క్లైమేట్ కంట్రోల్‌లో ఆ పని కంప్యూటర్‌ది. దానికి కారు లోపలి వేడి చెప్పడానికి ఒక సెన్సర్, బయటి వేడికి ఒకటి, చాలా బళ్లలో ఎండ ఎంత పడుతోందో చూడడానికి ముందు అద్దం దగ్గర డ్యాష్‌బోర్డు మీద చిన్న గుండీ లాంటిది ఇంకొకటి ఉంటాయి. తలుపులు కదపడానికి మోటార్లు వేరే. ఇవేవీ లేకుండా ప్యానెల్ ఒక్కటి మారిస్తే అది వట్టి అంకె. నా కారులో 24 అంటే లోపల 24 డిగ్రీలు ఉన్నాయని కాదు, ఆ తలుపు ఫలానా చోట ఆగిందని, అంతే.

అంకె తప్పు చూపించడంతో ఆగి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. జూలైలో అమ్మని కంటి పరీక్షకి విశాఖ తీసుకెళ్లి రాత్రి తిరిగొస్తున్నాం. భోగాపురం దాటేసరికి వాన దంచుతోంది. పైడిభీమవరం దగ్గర ప్యానెల్ రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. ఏసీ లేదు, ఫ్యాన్ కూడా లేదు. నలుగురి ఊపిరికి కాసేపట్లోనే ముందు అద్దమంతా తెల్లగా ఆవిరి పట్టేసింది. పక్కనే లారీలు. అమ్మ పక్క సీట్లోంచి వంగి తువ్వాలుతో నా ముందు అద్దం తుడుస్తోంది, తుడిచిన చోటే మళ్లీ పట్టేస్తోంది. కిటికీలు సగం దించి, వాన జల్లు పాప మీద పడకుండా నా భార్య చీర కొంగు అడ్డం పెట్టుకుంటే, నెమ్మదిగా రణస్థలం దాకా వచ్చి పెట్రోల్ బంకులో ఆగాం. నా చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు మా వీధి చివర పాత మెకానిక్ దగ్గరకి తీసుకెళ్లాను. ఆయన ప్యానెల్ ఊడదీసి టార్చి వేసి చూసి, “ఏటి బాబూ ఇది, కొత్త బండి వైర్లు ఇలా కోసీసినారేటి?” అన్నారు. కంపెనీ వైర్ల పై తొడుగు బ్లేడుతో చెక్కి, కొత్త వైర్లు వాటికి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఎండ వేడికి టేపు జిగురు కారి ఊడిపోయింది. ఫ్యాన్‌కి వెళ్లే వైరు కరిగి పక్క వైరుకి అంటుకుపోయి ఉంది. నిప్పు రాకపోవడం మా అదృష్టం అన్నారాయన. ఆ మాట విన్నాక రెండు రోజులు నిద్ర పట్టలేదు.

కంపెనీ సర్వీస్ సెంటర్లో ఫోటోలు తీసి, ‘బయట వైరింగ్ మార్చారు’ అని జాబ్ కార్డులో (బండికి ఏం చేశారో సర్వీస్ వాళ్లు రాసే కాగితం) రాశారు. ఇంజిన్ వారంటీకి ఇబ్బంది లేదట, కానీ ఈ వైరింగ్, ప్యానెల్ మా ఖర్చే. 34,600 అయింది. ముందు పెట్టిన 28,000 కలిపితే 62,600. పాత నాబ్‌లు ఇవ్వమని షోరూంలో అడిగితే బిగించినవాడు పట్టుకుపోయాడన్నారు. నా రసీదు తీసి చూపిస్తే మేనేజర్ “ఇది మా బిల్లు కాదు సార్” అన్నాడు. నిజంగానే దాని మీద ఏదో యాక్సెసరీల కొట్టు పేరుంది, జీఎస్టీ నంబర్ కూడా లేదు. ఆ కుర్రాడు ఉద్యోగం మానేశాడట.

అందుకని చెప్తున్నాను. ఆటోమేటిక్ కావాలంటే ఫ్యాక్టరీ నుంచే దానితో వచ్చే వేరియంట్ తీసుకోండి. అంత బడ్జెట్ లేకపోతే మామూలు ఏసీతోనే ఉండండి, అందులో లోటేమీ లేదు. చాలా మోడళ్లలో రెండు వేరియంట్లకీ చల్లదనం పుట్టించే కంప్రెసర్ ఒకటే, ఆటోమేటిక్‌ది ఎక్కువ చల్లబరచదు. పెట్టిన వేడి దగ్గర నిలబెడుతుంది, అంతే. ముసలివాళ్లు, పిల్లలు ఉండి దూరం తిరిగే వాళ్లకి అది సుఖమే. కానీ మన తీరం ఉక్కపోతలో, నన్నడిగితే, వెనక సీటుకి ఏసీ వెంట్‌లు ఉన్నాయా లేదా అన్నదే ముందు చూడాలి. మా పాప ఇబ్బంది సగం అక్కడే తీరేది.

టెస్ట్ డ్రైవ్ మధ్యాహ్నం ఎండలో అడగండి, ఇంట్లో వాళ్లని వెనక కూర్చోబెట్టి చూడండి. ఏ ఫిట్టింగ్‌కైనా షోరూం పేరుతో జీఎస్టీ బిల్లు, వారంటీకి ఇబ్బంది లేదని రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వం అంటే మీ జవాబు మీకు దొరికినట్టే. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జాబ్ కార్డు, ఫోటోలు, రసీదు అన్నీ జాగ్రత్త చేసి ఉంచాను, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇప్పటికే ఇలా డబ్బు కట్టేసి డెలివరీ కోసం ఎదురుచూస్తున్న వాళ్లెవరైనా ఉంటే, ఈ రోజే షోరూంకి ఫోన్ చేసి బండి వైర్ల మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పండి. అదే మాట మెసేజ్ కూడా పెట్టండి.